అణువు వెనకవైపు

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు మా ఇంటికొచ్చి, "సార్, మేం గూడా మీ పన్లోకి రావాలనుకుంటా ఉండాం, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు?" అని అడిగారు. ఏదైనా నేర్చుకోండి అన్నాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడున్న సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు పేర్లతో సహా పోయాయి. ఈ పనిలో చివరిదాకా పనికొచ్చేది అనుమానం ఒక్కటే. దాన్ని ఏ కోర్సులోనూ చెప్పరు కాబట్టి ఇది రాస్తున్నాను.

నా పేరు మునిరత్నం. తిరుపతిలో ఒక పరిశోధన సంస్థలో ఆడియో విజువల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సంస్థ పేరు రాయను. రాస్తే నామీద కోపం ఉన్నవాళ్ళకు చేతినిండా పని దొరుకుతుంది.

శాస్త్రవేత్తలు సెమినార్లలో చూపించే అణువుల మోడళ్ళకు కదలిక ఇవ్వడం మా పని. చూసేవాళ్ళు అణువు కదులుతోందనుకుంటారు. అది ఉన్నచోటే ఉంటుంది, కదిలేది కెమెరా. ఆ కెమెరా కూడా కంప్యూటర్ లోపలిదే, చేత్తో పట్టుకునేది కాదు. మోడల్ చుట్టూ గుండ్రంగా తిప్పితే దాన్ని చుట్టు అంటాం. ముందువైపే అటూ ఇటూ ఊయలలా కదిపితే ఊపు. దగ్గరికి దూకితే జూమ్. వెనకున్నవి మసకబారేలా పొర వేస్తే దాన్ని మంచు అంటాం. ఈ నాలుగూ చేతికొచ్చిన మనిషి ఒక్క అబద్ధపు మాట నోట రాకుండా ఎంత పెద్ద అబద్ధమైనా ఆడగలడు. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు, భయంతో చెబుతున్నాను.

పెళ్ళిళ్ళలో నేర్చింది

మాది నగరి. ఇంట్లో మరమగ్గాలు. ఆ చప్పుడు భరించలేక తిరుపతి వచ్చి ఒక స్టూడియోలో పెళ్ళి వీడియోలు తీసేవాడిని. మా ఓనరు నాకు మొదటిరోజే చెప్పిన పాఠం ఫోకస్ గురించి కాదు. "ఖాళీ కుర్చీలు కనపడకూడదప్పా. ఆడపెళ్ళివారి పక్క జనం తక్కువుంటే, ఆడ కెమెరా నిలపొద్దు. దీపం మీదికి పో, ఆడ్నించి పూలమీదికి పో," అన్నాడు. అట్లాగే చేశాను. వియ్యంకులు మాట్లాడుకోని పెళ్ళిలో వాళ్ళిద్దరినీ ఒకే కదలికలో కలిపి, నవ్వుతున్నట్లు చూపించాను. వాళ్ళే ఆ వీడియో చూసి మురిసిపోయారు.

మా నాయనకు ఈ పని నచ్చేది కాదు. "కెమెరా యాడ నిలబడిందో అందరూ సూస్తారు. యాడ నిలబడకుండా పోయిందో ఎవురు సూస్తారు?" అనేవాడు. మగ్గం మనిషికి ఇవన్నీ ఎందుకని అప్పట్లో విసుక్కునేవాడిని.

సంస్థలో చేరాక, మొదట్లో మోడళ్ళు నిజంగానే ప్లాస్టిక్ గుండ్లు, కమ్మీలతో కట్టినవి ఉండేవి. బట్టల షాపులో బొమ్మను తిప్పే స్టాండు ఒకటి తెచ్చి, దానిమీద అణువును పెట్టి తిప్పుతూ షూట్ చేసేవాళ్ళం. తర్వాత అంతా కంప్యూటర్లోకి పోయింది. స్టాండు పోయింది గానీ, దీపం మీదికి పోవడం మాత్రం పోలేదు. పెద్ద చదువుల వాళ్ళకు పెళ్ళివారికంటే ఎక్కువ ఖాళీ కుర్చీలుంటాయని నాకు త్వరలోనే తెలిసింది.

కుడి ఎడమల సంగతి

మా విభాగాధిపతి పురుషోత్తం గారు మంచి మనిషి, కాస్త పట్టింపులెక్కువ. ఒక పెద్ద సభకు ప్రోటీన్ ఫిల్ము చేశాను. పొద్దున చూసి మొహం చిట్లించాడు.

"మునిరత్నం, కెమెరా అప్రదక్షిణం తిరగతా ఉండాదే! ఊర్లో ఏడుకొండలవాడుండంగా మనం ఎడమచుట్టు తిరిగేదేంది? మార్చు."

"మళ్ళీ చేయాలంటే సాయంత్రమవుతాది సార్. సభ మధ్యాహ్నమే గదా."

"మళ్ళీ చేసేదెందుకు? పెండ్లి వీడియోల్లో పెండ్లికూతురు తప్పుపక్క కూర్చోనుంటే అద్దంలో మాదిరి తిరగేసేవాళ్ళు గదా మీరు. అట్లే తిరగేయ్."

తిరగేశాను. ఒక్క బటన్. కెమెరా చక్కగా ప్రదక్షిణం చేసింది. మా ఇద్దరికీ తట్టనిదేమిటంటే, అద్దంలో తిరగేస్తే పెళ్ళికూతురు పెళ్ళికూతురుగానే ఉంటుంది. అణువు వేరే అణువైపోతుంది. ప్రోటీన్లో మెలికలు కుడివైపుకి తిరుగుతూ పైకెక్కాలి. మా ఫిల్ములో అవన్నీ ఎడమకి ఎక్కాయి. భూమ్మీద ఏ ప్రాణి ఒంట్లోనూ అలాంటి ప్రోటీన్ ఉండదు. సభలో ముందువరసలో కూర్చున్న పెద్దాయన ఒకాయన, ఎప్పుడో రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసర్, లేచి, "ఇది యే లోకం ప్రోటీన్ నాయనా?" అని అడిగాడు. హాలంతా నవ్వు. పురుషోత్తం గారు నావైపు చూశాడు. నేను ప్రొజెక్టర్ వైపు చూశాను.

దీన్నుంచి మీరు తీసుకోవాల్సింది: అందం కోసమో, ఆచారం కోసమో, టైం కోసమో, ఎవరు ఏది తిప్పమన్నా ముందు ఆగండి. అప్పటినుంచి నాకు అలవాటైన అనుమానం, తర్వాత ముదిరి జబ్బులా తయారైంది. మా ఆవిడైతే, నేను కూరగాయల కొట్లో కూడా వంకాయను చుట్టూ తిప్పి చూస్తానని ఇప్పటికీ దెప్పుతుంది.

బొమ్మను కాదు, మనిషిని చూడండి

ఎవరైనా మోడల్ తెస్తే, ఫిల్ము మాట ఎత్తకముందే వాళ్ళను పక్కన కూర్చోబెట్టి, దాన్ని నిదానంగా ఒక పూర్తి చుట్టు తిప్పేవాడిని. తిప్పుతూ బొమ్మను చూసేవాడిని కాదు, వాళ్ళ మొహం చూసేవాడిని. నాకు సైన్సు అంతగా రాదు, మనుషులు కొద్దోగొప్పో వస్తారు. బలహీనమైన చోటు రాగానే ఒకాయన ఫోన్ తీస్తాడు, ఒకాయన దగ్గుతాడు. ఇంకొకాయన సరిగ్గా ఒక మూల వచ్చినప్పుడల్లా మా అమ్మాయి పెళ్ళి సంబంధాల గురించి అడిగేవాడు. మూడోసారి అడిగినప్పుడు, "సార్, మా అమ్మాయి సంగతి తర్వాత, ఈ మూల సంగతి చెప్పండి," అన్నాను. ఆయన మళ్ళీ మా గదికి రాలేదు.

"చుట్టు వద్దులే, ఊపు చాలు" అనేవాళ్ళను మరీ అనుమానించండి. ఊపులో వెనకవైపు ఎప్పటికీ కనబడదు.

నస్రీన్

ఇదంతా చెప్పింది, ఈ అమ్మాయి గురించి రాయడానికి ధైర్యం కూడగట్టుకోవడానికే.

నస్రీన్ మా సంస్థలో పిహెచ్‌డి చేస్తుండేది. వాళ్ళది శ్రీకాళహస్తి, నాన్నకు బట్టల కొట్టు. రోజూ బస్సులో వచ్చిపోయేది. ఆమె గైడు చెంగల్రాయులు సారు. పేరున్న మనిషి. వాళ్ళిద్దరూ ఒక రోగక్రిమి ప్రోటీన్ మీద పనిచేసేవాళ్ళు. ఆ ప్రోటీన్లో ఒక సందు ఉంది. ఆ సందులో వీళ్ళ మందు అణువు కూర్చుంటే క్రిమి పని ఆగిపోతుంది. చెన్నై నుంచి ఒక మందుల కంపెనీ వాళ్ళు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకు నచ్చితే పని ముందుకు సాగుతుంది, నస్రీన్ చదువూ సాగుతుంది. నచ్చకపోతే ఆమె ఫెలోషిప్ అయిపోతుంది. ఇంట్లోవాళ్ళు అప్పటికే, చదివింది చాలు, శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో ఏదో ఒక ఉద్యోగంలో చేరమంటున్నారు.

ఆమె మోడల్ తెచ్చింది. కూర్చోబెట్టి చుట్టు తిప్పాను. వెనకవైపు రాగానే తల దించుకుంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ దించుకుంది.

"ఈ మూల వచ్చేసరికి కిందికి సూస్తా ఉండావేం పాపా?"

"ఏం లేదు సార్."

మర్నాడు ఒక్కతే వచ్చింది. "ఈ ఫైలు మీరొక్కరే సూడండి సార్. మా సార్‌కి చెప్పొద్దండి," అంది. ఇంకేముంది, నా అనుమానానికి రెక్కలొచ్చాయి. పిల్ల ఏదో తప్పు చేసింది, గైడుకు తెలియకుండా నాతో కప్పించాలని చూస్తోంది అనుకున్నాను. అంత పెద్దాయన పరువు ఈ పిల్ల తీస్తుందేమోనని చెంగల్రాయులు సార్‌కి చెప్పడానికి బయల్దేరాను కూడా. ఆయన గదికి తాళం ఉంది. తిరిగొచ్చి, ముందు ఆమెనే అడుగుదామనుకున్నాను. ఆ తాళానికి నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

"పాపా, నిజం చెప్పు. యాడన్నా తప్పు చేసినావా?"

ఆమె మొహం ఎర్రబడింది. "తప్పు చేసింటే దాచిపెట్టుకుంటా గానీ, తెచ్చి మీకు సూపిస్తానా సార్? మీరు అందర్నీ అనుమానిస్తారంట గదా, అందుకే మీ దగ్గరికి వచ్చినాను. మీరు గూడా నన్నే అనుమానిస్తే ఇంక నేనెవురికి చెప్పుకోవాల?"

అప్పుడు విప్పి చెప్పింది. ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చి, దానిమీదికి ఎక్స్‌రే పంపి, దాంతో ఆకారం కడతారు. ప్రోటీన్లో స్థిరంగా నిలవని ముక్కలు అందులో దొరకవు. పెళ్ళి ఫోటోలో తల ఊపిన పిల్లవాడి మొహంలా చెరిగిపోతాయి. అలాంటి ముక్కను ఊహించి కట్టుకోవచ్చు, అది తప్పు కాదు. కానీ ఊహించినదాన్ని చుక్కల గీతతో చూపించాలి. వీళ్ళ మోడల్లో సరిగ్గా సందు వెనకున్న ముక్కే దొరకలేదు. చెంగల్రాయులు సారు దాన్ని కంప్యూటర్లో కట్టించి, మిగతా ప్రోటీన్ రంగే వేయించాడు. మందు అణువు ఒక కొస ఆనుకున్నది ఆ ముక్కమీదే. అంటే ఊహ తప్పయితే మందు అక్కడ కూర్చోదు.

"దీనిమీద రాసే రీసెర్చ్ పేపర్లో ముందు పేరు నాది సార్. రేపు ఎవురన్నా దీన్ని పట్టుకుంటే, నేనే చేసినానంటారు," అంది.

ఆమె నాకిచ్చిన ఫైలులో ఆ ముక్కకు చుక్కల గీత వేసి ఉంది.

అందంగా ఉంటాదన్నారు

చెంగల్రాయులు సారు తానే మా గదికొచ్చి కెమెరా ఎలా పోవాలో చెప్పాడు. "ముందు దూరంనించి రా. ప్రోటీన్ అంతా కనబడాల. ఆడ్నించి నేరుగా సందులోకి దూకు. మందు పక్కనే నిలబడు. వెనక బాగా మంచు పెట్టప్పా, అందంగా ఉంటాది."

"ఒక చుట్టు తిప్పి దూకుదామా సార్?"

"చుట్టు దేనికప్పా? గుడి కాదు గదా."

"ఆ వెనక ముక్కకి చుక్కల గీత వేయాల్నేమో సార్."

ఆయన నావైపు తిరిగాడు. "ఆ పాప చెప్పిందా?"

"నా కండ్లు చెప్పినాయి సార్."

"సూడప్పా," అన్నాడు నెమ్మదిగా, "ఆ ముక్కని ఎన్ని రకాలుగానో కట్టి సూసినాను. అన్నిసార్లూ అట్లే వచ్చింది. నేను అబద్ధం చెప్పడంల్యా. చుక్కల గీత ఒకటి కనబడితే వాళ్ళు మిగతాది వినరు, దాన్నే పట్టుకోని పీకుతారు. ముందు విననీ. తర్వాత మనమే చెప్దాం."

ఆ మాట నాకు సగం నచ్చింది. సగం నచ్చినందుకే అనుమానం వచ్చింది. తర్వాత చెప్దాం అన్న మాట తర్వాత ఎవరైనా చెప్పగా నేను వినలేదు. వాదించి వాదించి ఒక చుట్టు మాత్రం ఒప్పించాను. రంగు విషయం ఆయనది, నేను కాదనలేకపోయాను. ఫిల్ము చివర కెమెరా పనితనం కింద నా పేరు వేసే అలవాటుండేది. అది తీసేసి ఫైలు ఇచ్చాను.

నస్రీన్ ఫిల్ము చూసి, చివరకొచ్చేసరికి ఆగింది. "మీ పేరు తీసేసుకున్నారే సార్," అంది. "నా పేరు నేను తీసేసుకోలేను గదా."



కంపెనీ వాళ్ళొచ్చారు. వాళ్ళలో పెద్ద ఒకామె, మాట తక్కువ, చూపెక్కువ. ఫిల్ము నడిచింది. కెమెరా చుట్టు తిరిగింది, వెనకవైపు దాటింది, మంచులోంచి సందులోకి దూకింది. చప్పట్లు. నేను వెనకవరసలో కూర్చుని, ఎవరైనా ఒక్కరు అడుగుతారని చూస్తున్నాను. కుడి ఎడమలు పట్టుకున్న ఆ పాత ప్రొఫెసరు గారు కూడా అక్కడే ఉన్నాడు. ఆయనా బాగుంది బాగుందని తలూపాడు. నేను జీవితమంతా నమ్ముకున్న చుట్టు ఆరోజు ఎందుకూ కొరగాలేదు. చుట్టు తిప్పినా, అంతా ఒకే రంగులో ఉంటే వెనకవైపు కూడా ముందువైపులాగే కనబడుతుంది. అనుమానించడం వేరు, అడగడం వేరు. ఆ హాల్లో అనుమానించినవాణ్ణి నేనొక్కణ్ణే, నోరు మూసుకుని కూర్చున్నవాణ్ణీ నేనే.

నస్రీన్ లాప్‌టాప్ దగ్గర ఉంది. స్లైడ్లు మార్చడమే ఆమె పని. చెంగల్రాయులు సారు థాంక్స్ చెబుతుండగా లేచి నిలబడింది. ఇంగ్లీషులో అన్నమాటను తెలుగులో రాస్తున్నాను. "క్షమించండి, ఫిల్ములో లేనిది ఒకటి చూపించాలి" అంది.

ఫిల్ము మూసేసి అసలు మోడల్ తెరిచింది. బొమ్మను మౌస్‌తో తోసుకుంటూ, కుదుపుల మీద కుదుపులతో తిప్పింది. నేను ఎంతోమంది దగ్గర ఎన్నో కెమెరా కదలికలు చూశాను గానీ అంత వికారమైనది చూడలేదు, అంత గౌరవించదగ్గదీ చూడలేదు. వెనకవైపు తెచ్చి ఆపింది. ఆ ముక్క రంగు తీసేసి చుక్కల గీత పెట్టింది. "ఇది మేము చూసింది కాదు, అనుకున్నది. మందు దీనిమీదే ఆనుకుంది. ఇది ఇలా లేకపోతే మా మందు పనిచేయదు. మాకింకా తెలియదు."

కంపెనీ ఆమె రెండు ప్రశ్నలు అడిగింది. తెలిశాక చెప్పండి అంది. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు.

చెంగల్రాయులు సారు కేకలేయలేదు. వేసుంటే బాగుండేది. "బాగా చెప్పినావు పాపా," అని పొడిగా అన్నాడు. ఆ తర్వాత ఆమెను పిలవలేదు, ఆమె ఫైళ్ళు చూడలేదు. ఫెలోషిప్ అయిపోయింది. ఆయన పొడిగించమని అడగలేదు. నస్రీన్ శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ లాబ్‌లో, వచ్చిన సరుకు సరిగ్గా ఉందో లేదో చూసే ఉద్యోగంలో చేరింది. చెంగల్రాయులు సారు ఎదురొస్తే దారి మార్చుకునేవాణ్ణి.

ఆయన వచ్చిన రోజు

నేను రిటైరవడానికి కొద్దిరోజుల ముందు చెంగల్రాయులు సారు మా గదికొచ్చాడు. నేను కుర్చీ చూపించలేదు. ఆయనే కూర్చున్నాడు.

"ఆ ఫిల్ము మళ్ళా చేయాలప్పా. చుక్కల గీతతో."

నా నోరు ఊరుకోలేదు. "కంపెనీవాళ్ళు అడిగినారా సార్? లేదా ఎవురన్నా పట్టుకున్నారా?"

"రెండూ కాదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ పాప పోయినాక కొత్త పిల్లోళ్ళు వచ్చినారు. వాళ్ళు ఏది తెచ్చినా నాకు నచ్చినట్లే ఉంటాది. నేననుకున్నదానికి ఒక్కటి గూడా ఎదురు రాలేదు. మొదట్లో బాగుండె. ఇప్పుడు రాత్రి పగలు అనుమానమే. నాకు నచ్చాలని చేసినారా, నిజంగా అట్లే వచ్చిందా? ఎవుర్ని అడిగేది? అడిగినా, అవును సార్ అంటారు. నా లాబ్‌లో నేను నమ్మగలిగిన లెక్కలు ఆ పాపవే, మునిరత్నం. వాటితోనే ఆగిపోయినాను."

ఆయన్ని నేను నమ్మాలా వద్దా తేల్చుకోలేకపోయాను. అందుకే నస్రీన్‌కు ఫోన్ కలిపి, ఆయన చేతికిచ్చాను.

"పాపా, నేను చెంగల్రాయులు," అన్నాడు. తర్వాత చాలాసేపు వింటూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి, "అవును, తప్పే," అన్నాడు. ఇంకోసారి, "మంచి ప్రశ్న," అన్నాడు, సెమినార్లో అనే గొంతుతో కాకుండా. ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

"ఏమనింది సార్? వస్తుందంటనా?"

"వస్తానన్లా, రానన్లా. మీరు మారినారని నేనెట్ల నమ్మాల సార్, అని అడిగింది."

"మీరేం చెప్పినారు?"

"చెప్పేదానికి ఏముండాది? ఆ పాప పోయినాక చేసిందంతా తీసుకోని వాళ్ళింటికి రమ్మనింది. మొదట్నించీ ఒక్కొక్కటి తనే చూస్తుందంట. చూసినాక చెప్తుందంట." లేచి, "శ్రీకాళహస్తిలో వాళ్ళ ఇల్లు యాడుండాదో నీకు తెలుసునా?" అని అడిగాడు.

చెప్పాను. ఆదివారం పొద్దున ఆయన హార్డ్ డిస్కు సంచిలో వేసుకుని శ్రీకాళహస్తి బస్సెక్కాడు.